ఆటో స్టార్టర్ నేర్పిన పాఠం

తెలుగు పల్లెల్లోకి వచ్చిన మొదటి రోబో ఏదని ఎవరైనా అడిగితే నేను డ్రోన్ పేరు చెప్పను. బోరుబావి పక్కన కర్రకు బిగించి, పైన రేకు ముక్క కప్పిన ఆటో స్టార్టర్ డబ్బా పేరు చెబుతాను. కరెంటు వచ్చిందని అది తనంతట తానే గుర్తిస్తుంది. మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూసుకుని మోటారును నడిపిస్తుంది. కరెంటు పోతే ఆగుతుంది, వస్తే మళ్లీ మొదలుపెడుతుంది. రైతు అక్కడ ఉండనక్కరలేదు. పరిసరాన్ని గ్రహించి, మనిషి చెయ్యి పడకుండా పని చేసేదే స్వయంచాలక యంత్రమైతే ఈ డబ్బాకు ఆ అర్హత పూర్తిగా ఉంది.

దాని వెనుక ఒక విషాదం ఉంది. వ్యవసాయానికి కరెంటు రోజుకు ఏడు గంటలో తొమ్మిది గంటలో, అదీ విడతలు విడతలుగా, ఏ అర్ధరాత్రో తెల్లవారుజామునో ఇచ్చిన కాలమది. టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్లిన రైతులు పాముకాటుకూ, తడిసిన స్టార్టర్ తగిలి విద్యుదాఘాతానికీ బలైన వార్తలు జిల్లా పేజీల్లో నిత్యం కనిపించేవి. ఆటో స్టార్టర్ ఆ రైతును ఇంట్లో నిద్రపోనిచ్చింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని వ్యవస్థకు రైతు తనకు తానుగా కనుక్కున్న జవాబు అది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. అప్పటికి రాష్ట్రంలో సుమారు 23 లక్షల పంపుసెట్లున్నాయి. ఆ ప్రకటనతో పాటే నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు రైతులకు ఇంకో విజ్ఞప్తి కూడా చేశారు: ఆటో స్టార్టర్లు తీసేయండి. కారణం ఊహించగలిగేదే. కరెంటు ఆగనప్పుడు మోటారూ ఆగదు, భూగర్భజలం అడుగంటుతుంది. విద్యుత్ సిబ్బంది ఊరూరా తిరిగి డబ్బాలు విప్పించారు. నిన్న ప్రాణం కాపాడిన యంత్రం ఇవాళ నీటిదొంగ అయింది. డబ్బాలో ఒక్క తీగ కూడా మారలేదు. మారింది దాని చుట్టూ ఉన్న విధానం.

వ్యవసాయంలో కర్బన ఉద్గారాలు తగ్గించడానికి రోబోలు, డ్రోన్లు, సెన్సర్లు వస్తున్నాయని, అవి వస్తే సగం సమస్య తీరిపోతుందని ఢిల్లీ సదస్సుల్లో వినిపిస్తున్నప్పుడల్లా నాకు ఆ డబ్బా గుర్తొస్తుంది. యంత్రం ఉద్గారాలు తగ్గిస్తుందా, పెంచుతుందా అన్నది యంత్రంలో తేలదు. కరెంటు ధరలో, యూరియా ధరలో, నీటి మీద హక్కులో, భూమి ఎవరి పేరిట ఉందన్న దానిలో తేలుతుంది. కనుక ఇది ఇంజినీర్ల చర్చగా మిగిలిపోవడానికి వీల్లేదు. ఇది రాజకీయ చర్చ.

ముందు లెక్క సరిచూద్దాం

మన దేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన తాజా నివేదికల ప్రకారం మొత్తం హరితగృహ వాయువుల్లో వ్యవసాయ రంగం వాటా దాదాపు 14 శాతం. అందులో సగానికి పైగా పశువుల నెమరువేత నుంచి వెలువడే మీథేన్. మిగిలిన దానిలో సింహభాగం నీళ్లు నిలిచిన వరి మళ్ల నుంచి వచ్చే మీథేన్‌ది, నత్రజని ఎరువుల నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్‌ది. పొలాల్లో పంట వ్యర్థాలు తగలబెట్టడం వల్ల వచ్చేది ఈ రంగపు ఉద్గారాల్లో రెండు శాతం చుట్టుపక్కలే. ఢిల్లీ ఊపిరితిత్తులకు అది పెద్ద ముప్పు కావచ్చు గానీ, వాతావరణపు పద్దులో అది చిన్న అంకె.

ఈ పద్దులో ఓ మెలిక ఉంది. బోరు మోటారు తాగే కరెంటు వ్యవసాయం కింద రాదు, విద్యుత్ రంగం కింద వస్తుంది. యూరియా తయారీలో మండే గ్యాసు పరిశ్రమల, ఇంధనం లెక్కల్లో పడుతుంది. ట్రాక్టరు డీజిలూ అంతే. అంటే పొలం కోసం జరిగే కాలుష్యంలో కొంత వేరే ఖాతాల్లో కూర్చుని ఉంది. యంత్రాలు నిజంగా తగ్గించగలిగిన భాగం చాలావరకు ఆ ఖాతాల్లోనే ఉంది. ఒక చిన్న లెక్క చూడండి. 5 హెచ్‌పీ మోటారు గంటకు రమారమి 4 యూనిట్లు కాలుస్తుంది. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ వెనుక సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు ఉంది. ఒక్క మోటారు ఒక రాత్రి పది గంటలు ఊరికే నడిస్తే 28 కిలోలు గాలిలో కలుస్తాయి. అలాంటి మోటార్లు లక్షల్లో ఉన్న దేశం మనది.

పశువుల నెమరువేత మీథేన్ మీద రోబోలకు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. పాలు పితికే రోబో ఆవు పొట్టను మార్చదు. అక్కడ పని చేయాల్సింది మేత, జాతి, పశువైద్యం. సాంకేతికత పేరుతో సగం సమస్యను మాయం చేసే ప్రసంగాలు విన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పంజాబ్: యంత్రం పుట్టించిన మంట

యంత్రాలే యంత్రాల తప్పును దిద్దుతాయన్న నమ్మకానికి పంజాబ్ గొప్ప పరీక్షాక్షేత్రం. అక్కడి గడ్డి మంటకు మూలం రైతు మొండితనమని ఉత్తరాది చానళ్లు ఏటా నవంబరులో తీర్పు చెబుతుంటాయి. కథ అంత సులువైనది కాదు. కంబైన్ హార్వెస్టర్ వరి వెన్ను కోసి, మోకాలెత్తు కొయ్యకాలును నిలబెట్టి, పైన గడ్డిని చెల్లాచెదురుగా పారబోసి పోతుంది. కూలీలు కొడవళ్లతో నేలకు ఆనించి కోసిన రోజుల్లో ఈ సమస్య ఇంతగా లేదు. ఆపైన భూగర్భజలం కాపాడడానికి 2009లో చట్టం వచ్చింది. జూన్ 10కి ముందు వరి నాట్లు వేయరాదన్నారు. ఉద్దేశం మంచిదే. నాటు వెనక్కి జరిగితే కోతా వెనక్కి జరిగింది. వరి కోతకూ గోధుమ విత్తుకూ నడుమ రెండు మూడు వారాలే మిగిలాయి. అంత తక్కువ వ్యవధిలో కోట్ల టన్నుల గడ్డి వదిలించుకోవడానికి అగ్గిపుల్లకన్నా చవకైన సాధనం రైతుకు దొరకలేదు. నీటిని కాపాడిన చట్టమూ కూలీ ఖర్చును తగ్గించిన యంత్రమూ కలిసి, శీతాకాలపు నిశ్చలమైన గాలిలోకి పొగను పంపాయి.

దీనికి విరుగుడూ యంత్రమే అన్నారు. లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కలిసి రూపొందించిన హ్యాపీ సీడర్ కొయ్యకాలు మధ్యలోంచే గోధుమ విత్తుతుంది, గడ్డిని నేల మీద కప్పుగా పరుస్తుంది. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం గడ్డి తగలబెట్టే పద్ధతులతో పోలిస్తే ఇది రైతుకు 10 నుంచి 20 శాతం ఎక్కువ లాభసాటి. హెక్టారుకు హరితగృహ వాయువులు 78 శాతానికి పైగా తగ్గుతాయి. ఇంతకన్నా చక్కని ఉదాహరణ ఉండదు. కేంద్రం 2018 నుంచి పథకం పెట్టి, విడిగా కొనే రైతుకు 50 శాతం, సహకార సంఘాలకూ అద్దె కేంద్రాలకూ 80 శాతం సబ్సిడీ ఇచ్చింది.

ఏమైంది? 2022లో పంజాబ్ ప్రభుత్వమే లెక్క తీస్తే, ఇచ్చామన్న 90 వేల పైచిలుకు యంత్రాల్లో 11 వేలకు పైగా ఆచూకీ లేవు. ఉన్నవాటిలోనూ ఏడాదికి ఇరవై రోజుల పనికి, పెద్ద ట్రాక్టరు ఉంటే తప్ప కదలని యంత్రాన్ని చిన్న రైతు కొనడంలో అర్థం లేదు. అద్దెకు తీసుకుందామంటే అందరికీ ఒకే వారంలో కావాలి. అయినా మంటలు తగ్గలేదని చెప్పను. ఉపగ్రహాలు లెక్కపెట్టిన మంటలు 2020లో 83 వేలు, 2023లో 36 వేల పైచిలుకు, 2024లో 11 వేల లోపు. ఈ తగ్గుదలలో యంత్రాల పాత్ర నిజం. కానీ లెక్కపెట్టే ఉపగ్రహం మధ్యాహ్నం పోతుందని తెలిసిన రైతు సాయంత్రం నిప్పు పెడుతున్నాడని శాస్త్రవేత్తలే అంటున్నారు. నిఘా పెట్టే యంత్రానికీ దాని కన్నుగప్పే మనిషికీ నడుమ నడిచే ఈ దాగుడుమూతలు ఒక్క మాట చెబుతున్నాయి. రైతుకు ఇష్టం లేని, గిట్టుబాటు కాని మార్పును కెమెరా కాపలాతో సాధించలేం.

యూరియా బస్తా ముందు డ్రోన్ ఎంత?

కేంద్ర మంత్రివర్గం 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకాన్ని ఆమోదించింది. ₹1,261 కోట్లతో 15 వేల స్వయంసహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వడం లక్ష్యం. ధరలో 80 శాతం, గరిష్ఠంగా ₹8 లక్షల దాకా సాయం. మహిళల చేతికి ఆధునిక యంత్రం ఇవ్వడాన్ని నేను మనసారా స్వాగతిస్తాను. అయితే దీన్ని వాతావరణ చర్యగా చూపినప్పుడు ప్రశ్న అడగాలి. డ్రోన్ వల్ల యూరియా వాడకం తగ్గిందా?

పొలంలో చల్లిన నత్రజనిలో సగం కూడా పైరుకు అందదు. మిగిలింది నీటిలోకో గాలిలోకో పోతుంది. గాలిలోకి పోయే దానిలో నైట్రస్ ఆక్సైడ్ వేడిని పట్టి ఉంచడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా 273 రెట్లు శక్తిమంతం. మోతాదు తగ్గించి, కావలసిన చోటే ఇచ్చే యంత్రం నిజంగా మేలు చేస్తుంది. అమెరికాలో జాన్ డీర్ 2017లో 30.5 కోట్ల డాలర్లకు కొన్న బ్లూ రివర్ సంస్థ యంత్రాలు కెమెరాతో కలుపు మొక్కను గుర్తించి దాని మీద మాత్రమే మందు కొడతాయి. బెంగళూరులోని నికో రోబోటిక్స్ పత్తి చేలలో అదే పని మన పరిస్థితులకు తగ్గట్టు చేస్తోంది. సాంకేతికత కొరత లేదు.

కొరత ఉన్నది ప్రోత్సాహంలో. 45 కిలోల యూరియా బస్తా అసలు ధర ₹242, పన్నులూ వేపపూత ఖర్చూ కలిపితే రమారమి ₹266. ఏళ్ల తరబడి అది కదలలేదు. 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు తాకింది. ఇంత చవకైన వస్తువులో పావు వంతు ఆదా చేసే యంత్రం ఎకరానికి మిగిల్చేది ఎంత? నూరు రూపాయల లోపు. డ్రోన్ అద్దె అంతకన్నా ఎక్కువ. నిజంగా ఆదా అయ్యేది ఖజానాకు. ఖజానా ఆదాను రైతుకు పంచే దారి లేనంతకాలం రైతు డ్రోన్‌ను తక్కువ ఎరువు కోసం పిలవడు, కూలీ దొరకనందుకు పిలుస్తాడు. పీఎం ప్రణామ్ పేరుతో 2023లో వచ్చిన పథకం ఆదా అయిన సబ్సిడీలో సగం రాష్ట్రాలకు ఇస్తానంది. ఆలోచన సరైనది, చిరునామా తప్పు. ఆదా చేసింది పొలం. డబ్బు వెళ్లాల్సింది పొలానికి.

ఇక డ్రోన్‌తో జోడించి ప్రచారం చేస్తున్న నానో యూరియా సంగతి. అరలీటరు సీసా ఒక బస్తాకు సమానమన్నారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ల క్షేత్ర ప్రయోగాల్లో వరి, గోధుమ దిగుబడులు తగ్గాయని తేల్చింది. దిగుబడి తగ్గితే అదే ధాన్యానికి ఇంకొంత నేల, ఇంకొంత నీరు, ఇంకొంత కరెంటు కావాలి. అది ఉద్గారాల తగ్గింపు అనిపించుకోదు.

నీరు, మీటరు, భయం

అసలు రాజకీయం ఇక్కడుంది. నీళ్లు నిలిచిన మడిలో గాలి అందని నేలలోని సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. మడిని అప్పుడప్పుడు ఆరనిస్తే ఆ ఉత్పత్తి తెగుతుంది. తడి, ఆరుదల మార్చిమార్చి ఇచ్చే ఈ పద్ధతిలో మీథేన్ 30 నుంచి 50 శాతం దాకా తగ్గుతుందని ప్రయోగాలు చూపాయి. మనీలా దగ్గరి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీనికి వాడిన సెన్సర్ ఏమిటో తెలుసా? చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం. మడిలో పాతి, లోపల నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు తడి పెట్టాలి. దాని మీద ఎలక్ట్రానిక్ సెన్సర్, సెల్‌ఫోన్ సందేశం, తనంతట తెరుచుకునే వాల్వు ఎన్ని చేర్చినా మూలసూత్రం ఆ గొట్టమే.

మరి గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇది ఎందుకు పాకలేదు? అక్కడ చాలాచోట్ల నీరు మడి నుంచి మడికి పారుతుంది. పై రైతు చేను నిండితేనే కింది రైతు చేనుకు నీరు. తన మడిని ఆరబెట్టుకునే స్వేచ్ఛ ఒంటరి రైతుకు లేదు. వంతు తప్పితే మళ్లీ నీరు ఎప్పుడొస్తుందో తెలియదు గనుక వచ్చినప్పుడు నిండా పట్టుకోవడమే వివేకం. ఆ చేలో లక్ష రూపాయల సెన్సర్ పెట్టినా అది రైతుకు ఇప్పటికే తెలిసిన సంగతే చెబుతుంది. కావలసింది పంట బోదెలు, బతికున్న నీటి సంఘాలు, మాట తప్పని వంతులు.

బోరు కింది రైతు పరిస్థితి వేరు. నీరు అతని చేతిలోనే ఉంది, ధర లేదు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖర రెడ్డి చేసిన తొలి సంతకంతో ఉచిత విద్యుత్తు తెలుగు రాజకీయాల్లో తిరుగులేని హామీ అయింది. ఆ సంతకాన్ని తప్పుపట్టే పట్టణ మేధావులతో నేను ఏకీభవించను. కాలువలు పారే డెల్టా రైతుకు ప్రభుత్వ ఖర్చుతో నీరందుతుంటే, మెట్ట రైతు తన అప్పుతో బోరు వేసి, తన మోటారుతో తోడుకుంటున్నాడు. ఉచిత కరెంటు ఆ అసమానతకు ఆలస్యంగా వచ్చిన పరిహారం. కానీ కొలత లేని పరిహారం కొలత లేని తోడివేతగా మారింది.

స్వయంచాలక సాగుకు మొదటి మెట్టు కొలత. ఎంత నీరు, ఎన్ని యూనిట్లు, ఏ గంటలో. కొలత మాట ఎత్తగానే రైతుకు బిల్లు కనిపిస్తుంది. అది భ్రమ అని కొట్టిపారేయలేం. 2021-22 నుంచి విద్యుత్ సంస్కరణలు అమలు చేసే రాష్ట్రాలకు జీఎస్‌డీపీలో అర శాతం అదనపు అప్పుకు కేంద్రం అనుమతినిచ్చింది. ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళంతో మొదలుపెట్టి మోటార్లకు మీటర్లు బిగించింది. మోటార్లకు మీటర్లు పెట్టేది లేదని తెలంగాణ ఆ అప్పునే వదులుకుంది. అమరావతిలో ప్రతిపక్షాలు రైతు మెడకు ఉరితాడని అన్నాయి. హైదరాబాదులో పాలకపక్షమే ఆ మాట అంది. మీటరు అనే చిన్న పరికరం రెండు రాష్ట్రాల ఎన్నికల సభల్లో నినాదమైంది. రైతు సంక్షేమం కోసం అని కాకుండా అప్పు పరిమితి కోసం వచ్చిన మీటరును రైతు ఎందుకు నమ్మాలి? ఆ అపనమ్మకాన్ని దాటకుండా సెన్సర్లు, రిమోట్ స్టార్టర్లు, స్మార్ట్ వాల్వులు అంటూ ఎన్ని తెచ్చినా అవి మారువేషంలో వచ్చిన మీటర్లుగానే కనిపిస్తాయి.

దారి లేకపోలేదు. పంజాబ్ 2018లో కొన్ని ఫీడర్లలో ‘పానీ బచావో, పైసా కమావో’ అని ఒక పథకం పెట్టింది. ఇష్టపడ్డ రైతుకే మీటరు. అతనికి ఇన్ని యూనిట్లని ముందే కోటా. కోటాలో మిగిల్చిన ప్రతి యూనిట్‌కూ ₹4 అతని ఖాతాలో జమ. కోటా దాటితే జరిమానా లేదు. గుజరాత్ ఖేడా జిల్లాలోని ధుండి గ్రామంలో 2016లో సౌర పంపుల రైతులు సహకార సంఘం పెట్టుకుని, తోడగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్మారు. రెండు చోట్లా మీటరు ఉంది, భయం లేదు. ఎందుకంటే ఆ మీటరు రైతు ఇవ్వాల్సింది కాక రైతుకు రావాల్సింది లెక్కపెడుతుంది. గ్రిడ్‌కు అమ్మే వీలు లేకుండా సౌర పంపు మాత్రమే పంచిపెడితే మళ్లీ మన ఆటో స్టార్టర్ కథే. ఎండ ఉన్నంతసేపూ ఊరికే వచ్చే కరెంటు, ఊరికే పోయే నీరు.

కలుపు తీసే చేతులు

ఇంకో మాట ఈ చర్చలో వినిపించదు. పత్తి, మిరప చేలలో వంగి కలుపు తీసేది ఎవరు? దాదాపు అంతా ఆడకూలీలు, అందులోనూ దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు. ఆ పని నడుం విరిచేదే, దానికిచ్చే కూలీ తక్కువే. దాన్ని రోబో చేయడం తప్పని నేననను. కానీ ఆ పనిలో కర్బన ఉద్గారం సున్నా. సున్నా ఉన్నచోట బ్యాటరీ, ఉక్కు, చిప్పుతో చేసిన యంత్రం తెచ్చి దాన్ని ఉద్గారాల తగ్గింపుగా చూపడం లెక్కల మోసం. కలుపు మందును తగ్గించే రోబో ఒకటి, కలుపు తీసే మనిషిని తొలగించే రోబో మరొకటి. మొదటిదానికి వాతావరణ నిధులు ఇవ్వవచ్చు. రెండోదాన్ని దాని అసలు పేరుతో, అంటే కూలీ ఖర్చు తగ్గింపు అనే పిలవాలి. ఆ మహిళకు ప్రత్యామ్నాయ ఉపాధి ఏమిటన్న ప్రశ్నకు జవాబు చెప్పాకే దాన్ని సబ్సిడీతో తేవాలి.

యజమాని ప్రశ్నా అంతే ముఖ్యం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన సగటు కమతం 1.08 హెక్టార్లు. రైతుల్లో 86 శాతం చిన్న, సన్నకారు వారు. తెలుగు నేలలో సాగుదారుల్లో గణనీయ భాగం కౌలు రైతులు. తెలంగాణలో రైతుబంధు భూయజమానికే అందింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తానన్నా యజమాని సంతకం అడిగింది. రేపు కర్బన క్రెడిట్లు పాస్‌పుస్తకం ఆధారంగా పంచితే, మడిని ఆరబెట్టేది కౌలుదారు, డబ్బు తీసుకునేది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న యజమాని. క్రెడిట్ల నాణ్యత సంగతీ ఆలోచించాలి. చైనాలో వరి మీథేన్ తగ్గించామని చెప్పుకున్న 37 ప్రాజెక్టులను వెర్రా సంస్థ 2024లో తిరస్కరించింది. కొలత గట్టిగా లేని చోట క్రెడిట్ ఉత్త కాగితం.

యంత్రం కొన్నా దాని మీద హక్కు రైతుదేనా? డీర్ యంత్రాల మరమ్మతు సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ తన డీలర్ల దగ్గరే అట్టిపెట్టి రైతుల చేతులు కట్టేసిందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో దావా వేసింది. వేల ఎకరాల అమెరికన్ రైతుకే ఈ కష్టం వస్తే, రెండెకరాల రైతు మాటేమిటి? మన ఆటో స్టార్టర్‌ను ఊళ్లోని మెకానిక్ విప్పి బాగుచేయగలడు. రేపటి యంత్రానికి ఆ గుణం ఉండాలని సబ్సిడీ నిబంధనల్లోనే రాయాలి.

ప్రపంచ వేదిక, ఇంటి ఆవరణ

2021లో గ్లాస్గోలో ప్రకటించిన మీథేన్ ప్రతిజ్ఞపై భారత్ సంతకం చేయలేదు. 2023లో దుబాయ్ వ్యవసాయ ప్రకటనపైనా చేయలేదు. బతుకుదెరువు కోసం వెలువడే ఉద్గారాలనూ విలాసపు ఉద్గారాలనూ ఒకే గాటన కట్టరాదన్న వాదన మన అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే చేశారు. ఆ వాదన నేటికీ న్యాయమైనదే. పొట్టకూటి కోసం వరి నాటే రైతును చికాగో శివార్లలో మూడు కార్లున్న కుటుంబంతో సమానం చేయడానికి మనం ఒప్పుకోనక్కరలేదు.

అయితే బయటివారికి చెప్పే జవాబు మనకు మనం చెప్పుకునే సాకు కాకూడదు. బోర్లు ఎండిపోతున్నది మన రైతుకే. నేల సత్తువ పోతున్నది మన చేలలోనే. పొగ పీలుస్తున్నది మన పిల్లలే. ఉద్గారాలు తగ్గించే పనుల్లో అధికభాగం రైతు ఖర్చును కూడా తగ్గించేవే. గ్లాస్గో కోసం చేయనక్కరలేదు, గద్వాల కోసం చేయవచ్చు.

ఏ యంత్రం ఎలా విజయవంతమవుతుందో చూడాలంటే లేజర్ లెవెలర్‌ను చూడాలి. 2001లో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో అడుగుపెట్టిన ఈ పరికరం లేజర్ కిరణం ఆధారంగా తనంతట తానే పార ఎత్తుతూ దించుతూ పొలాన్ని బల్లపరుపుగా చదును చేస్తుంది. నీరు సమంగా పారుతుంది, తడికి పట్టే సమయం తగ్గుతుంది, డీజిలూ కరెంటూ ఆదా అవుతాయి. రైతు దాన్ని కొనలేదు. గంటకు ఇంతని అద్దె ఇచ్చి పిలుచుకున్నాడు. ఊళ్లోని ఎవరో ఒకరు దాన్ని ఉపాధి చేసుకున్నారు. లాభం మొదటి పంటలోనే కంటికి కనిపించింది. నిఘా లేదు, బిల్లు భయం లేదు, కూలీల పొట్ట కొట్టలేదు. ఆర్భాటం లేకుండా వాయవ్య భారతమంతా పాకింది.

ఆ అనుభవం నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు తీసుకోవాల్సినవి నాలుగు నిర్ణయాలు. ఒకటి, సబ్సిడీని యంత్రం కొనుగోలు మీద కాక అది చేసిన పని మీద, ఎకరాల లెక్కన ఇవ్వాలి. అప్పుడు 11 వేల యంత్రాలు మాయం కావు. రెండు, యూరియాలోనూ కరెంటులోనూ ఆదా అయిన ప్రజాధనంలో సగమైనా ఆదా చేసిన సాగుదారు ఖాతాకు చేరాలి. మీటరు బిల్లు కోసం కాదని చట్టంలో రాసి ఇవ్వాలి. మూడు, వాతావరణం పేరుతో వచ్చే ప్రతి రూపాయికీ హక్కుదారు సాగుచేసే మనిషి కావాలి, పాస్‌పుస్తకం కాదు. నాలుగు, యంత్రం సేకరించే పొలం సమాచారం రైతు అనుమతి లేకుండా చేతులు మారరాదు. మూడు సాగు చట్టాలను రైతుతో మాట్లాడకుండా తెచ్చి, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్న అనుభవం ఢిల్లీకి ఇంకా తాజాగానే ఉండాలి.

ఇవి జరగకుండా రోబోలు రావని నేననడం లేదు. వస్తాయి. ఫొటోలు వస్తాయి, ప్రారంభోత్సవాలు జరుగుతాయి. కొన్నేళ్లకు గోదాముల వెనుక తుప్పు పడతాయి. లేదా ఆటో స్టార్టర్ లాగా రైతు తన అవసరానికి వాటిని వాడుకుంటాడు, ఆ అవసరాన్ని పుట్టించిన విధానం మాత్రం ఢిల్లీలోనో హైదరాబాదులోనో అమరావతిలోనో సుఖంగా ఉంటుంది. అప్పుడు మళ్లీ ఒక ముఖ్యమంత్రి ఆ యంత్రాలు తీసేయండని విజ్ఞప్తి చేయాల్సి వస్తుంది. 2018లో డబ్బాలు విప్పిన ఊళ్లలో చాలాచోట్ల అవి మళ్లీ బిగిశాయి. అర్ధరాత్రి చేలోకి నడిచి వెళ్లిన రోజులు మరచిపోని రైతు, రేపూ కరెంటు ఉంటుందని పూర్తిగా నమ్మలేదు. ముందు ఆ నమ్మకం కలిగించండి. మోటారును తన చేత్తో తానే ఆపుతాడు.